మెట్టినిల్లు మరో దేశమైతే

సంబంధం ఖాయం చేసుకునే ముందు మన ఇళ్ళల్లో జరిగే వాకబు సంగతి మీకు చెప్పక్కర్లేదు. గోత్రం, జాతకం, అబ్బాయి చదువు, జీతం, అలవాట్లు, ఆడపడుచులకు పెళ్ళిళ్ళయ్యాయా లేదా, అన్నీ అడుగుతాం. అబ్బాయి అమెరికాలో ఉంటే ఇంకో ప్రశ్న చేరుతుంది: "ఏ వీసా మీదున్నాడండీ?" అవతలివాళ్ళు "హెచ్-వన్" అంటారు. లేదా "గ్రీన్‌కార్డు వచ్చేసింది" అంటారు. లేదా "మావాడు అక్కడే పుట్టాడండీ, సిటిజన్" అంటారు. మనం తలాడించి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాం. ఆ జవాబు అబ్బాయి హోదాకు సంబంధించిందని అనుకుంటాం. మన అమ్మాయి ఎప్పుడు విమానం ఎక్కుతుంది, అక్కడ ఉద్యోగం చేయగలదా, భర్తతో పొసగకపోతే ఏ ఆధారంతో నిలబడుతుంది అన్నవన్నీ తేల్చే జవాబు కూడా అదే. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

హెచ్-వన్ అనే ఉద్యోగ వీసా మీదున్న అబ్బాయిని చేసుకుంటే అమ్మాయి అతని మీద ఆధారపడ్డ హెచ్-4 వీసా మీద వెళ్తుంది. వెళ్ళడం సులువే, కానీ ఉద్యోగం చేయకూడదు. భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నం ఒక దశ దాటితే భార్య పని అనుమతి అడగవచ్చని 2015లో సడలింపు ఇచ్చారు. గ్రీన్‌కార్డున్న అబ్బాయి భార్యకు నేరుగా గ్రీన్‌కార్డే వస్తుంది. అయితే ఆ తరగతిలో ఏటా ఇన్ని వీసాలే ఇవ్వాలన్న పరిమితి ఉంది. ఆ వరసలో పడి, పెళ్ళయ్యాక ఏళ్ళతరబడి పుట్టింట్లోనే ఉండిపోయిన అమ్మాయిలు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఈలోగా అబ్బాయి పౌరసత్వం తీసుకుంటే కేసు ఆ వరసలోంచి బయటపడుతుంది. ఎందుకంటే అమెరికా పౌరుల భార్యలకు, భర్తలకు సంఖ్యా పరిమితి లేదు. నేను ముఖ్యంగా మాట్లాడబోయేది ఈ మూడో దారి గురించి. అక్కడే పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలు ఇప్పుడు పెళ్ళీడుకు వచ్చారు. వాళ్ళ అమ్మానాన్నలు సంబంధాల కోసం ఇంకా గుంటూరు వైపు, కరీంనగర్ వైపు చూస్తున్నారు.

ఈ దారి తెరుచుకోవడానికి చాలాకాలం పట్టింది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు వలస రాకూడదని 1924లో చట్టం వచ్చింది. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన పంజాబీలు ఇక్కడి ఆడవాళ్ళను తీసుకెళ్ళలేక మెక్సికన్ స్త్రీలను పెళ్ళి చేసుకున్నారు. మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో బోస్టన్ వెళ్ళారు. ఆయన భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. 1948లో ఆయన కన్నుమూసేదాకా వాళ్ళు మళ్ళీ కలుసుకోలేదు. చట్టం ఒక్కటే కారణమని నేననను. కానీ ఆమె వెళ్ళాలనుకున్నా ఆ రోజుల్లో తలుపు మూసే ఉంది. 1946లో ఏడాదికి వందమంది భారతీయులను రానిచ్చారు. 1965లో పుట్టిన దేశాన్నిబట్టి నడిచే కోటాలను రద్దుచేసిన చట్టం కుటుంబాలను కలపడానికి పెద్దపీట వేసింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళింది దాని తర్వాతే.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. అమెరికా పౌరుడు తన భార్యను తెచ్చుకోవడానికి వేసే దరఖాస్తును ఐ-130 అంటారు. ఇది నేను నొక్కి చెప్పదలచుకున్న మొదటి సంగతి. అందులో పిటిషనర్ అతను. ఆమె లబ్ధిదారు మాత్రమే. రసీదు అతని పేరున వస్తుంది. ఆన్‌లైన్‌లో లాగిన్ అతని చేతిలో ఉంటుంది. వీసా రాకముందు మనసు మారితే అతను ఆ పిటిషన్‌ను వెనక్కి తీసుకోనూ వచ్చు. మన అమ్మాయిలు మాత్రం "అవన్నీ ఆయన చూసుకుంటున్నారు" అంటారు. ఇది నాకు నచ్చని మాట. నమ్మకం లేక నచ్చకపోవడం కాదు. కేసు నంబరు, రసీదు నకలు, పెట్టిన ప్రతి కాగితం నకలు అమ్మాయి దగ్గర ఉండాలి. మంచి భర్త అయితే అడిగిన రోజే పంపిస్తాడు. ఆ అడగడం పెళ్ళయిన మొదటి నెలలోనే జరిగిపోవాలి.

పేరు దగ్గర మనవాళ్ళు పడే అవస్థ ఇంకెవరూ పడరేమో. ఇంటిపేరు ముందు, పేరు వెనక. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో అసలు ఇంటిపేరు గడి ఖాళీ. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు బదులు "ఎఫ్ఎన్‌యూ" అని మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదని దాని అర్థం. వీసాతోపాటు అది ఆమె వెంట వెళ్ళి, అక్కడ బ్యాంకులో, ఆస్పత్రిలో, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో తలనొప్పి తెస్తుంది. కాబట్టి పెళ్ళి చూపుల దశలోనే పాస్‌పోర్టు తీసి చూడండి. సరిదిద్దుకోవలసింది ఉంటే పిటిషన్ వేయకముందే సరిదిద్దుకోవాలి. అలాగే పల్లెల్లో పుట్టిన చాలామందికి జనన ధ్రువపత్రం ఉండదు. అప్పుడు పంచాయతీ నుంచో మునిసిపాలిటీ నుంచో రికార్డులో లేదన్న పత్రం తెచ్చుకుని, తల్లిదండ్రుల అఫిడవిట్లు, స్కూలు రికార్డు జతచేయాలి.

పెళ్ళి రిజిస్ట్రేషన్ గురించి రెండు మాటలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం చేశారు. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా నమోదు ఉండాలని చెప్పింది. అయినా మనకు పెళ్ళంటే మండపం, వంటలు, వీడియో. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళడం అబ్బాయి తిరుగు ప్రయాణానికి ముందురోజు గుర్తొస్తుంది. దానికి కూడా ముహూర్తం పెట్టుకున్నంత పట్టింపుగా రోజు పెట్టుకోండి.

పిటిషన్ ఆమోదమయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ ఫీజులు కట్టాలి, డీఎస్-260 ఫారం నింపాలి, పాస్‌పోర్టు ఆఫీసునుంచి పోలీసు క్లియరెన్స్ తెచ్చుకోవాలి. తర్వాత కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల దగ్గర పరీక్ష, టీకాలు, ఆ పైన ఇంటర్వ్యూ. మన హైదరాబాద్‌లో అంత పెద్ద కాన్సులేట్ ఉన్నా భార్యాభర్తల ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకు మనవాళ్ళు ముంబయి ప్రయాణం కట్టడమే చూస్తూ వచ్చాను. మొత్తం మీద ఏడాది దాటడం మామూలే. ఈలోగా టూరిస్టు వీసా మీద వెళ్ళొద్దామంటే అది కష్టం. అక్కడే స్థిరపడాలని పిటిషన్ వేసుకున్న మనిషి తిరిగొస్తుందని ఆఫీసరును నమ్మించాలి కదా.

ఇంటర్వ్యూలో అడిగేది ప్రధానంగా ఒకటే: ఇది నిజమైన పెళ్ళేనా? మన పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళ గురించి ఆ ఆఫీసర్లకు తెలియకపోలేదు. పది రోజుల సెలవు మీద వచ్చి తాళి కట్టి వెళ్ళాడంటే వాళ్ళేమీ ఆశ్చర్యపోరు. సంబంధం ఎవరు తెచ్చారు, మొదట ఎక్కడ కలిశారు, అత్తగారింట్లో ఎవరెవరున్నారు, పెళ్ళయ్యాక అతను మళ్ళీ ఎప్పుడొచ్చాడు, రోజూ మాట్లాడుకుంటారా, ఇలా అడుగుతారు. శుభలేఖ, రెండు కుటుంబాలూ కలిసి ఉన్న ఫోటోలు, అతని ప్రయాణాల టికెట్లు, ఫోన్ సంభాషణల వివరాలు, ఒకరి బీమాలో ఒకరి పేరు, ఇవన్నీ పనికొస్తాయి. ఆల్బమ్‌లో నగలు బాగా పడ్డ ఫోటోలకన్నా నాయనమ్మ పక్కన ఇద్దరూ కూచుని అన్నం తింటున్న ఫోటో ఎక్కువ చెబుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. కొందరు కన్సల్టెంట్లు "ప్రేమ పెళ్ళని చెప్పండి, కేసు గట్టిగా ఉంటుంది" అని కథలు అల్లి ఇస్తారు. దయచేసి వినకండి. అబద్ధం చెప్పి వీసా తీసుకోజూసినట్టు తేలితే ఆ మచ్చ జీవితాంతం వెంటాడుతుంది. పెళ్ళే బూటకమని తేలితే ఆ తర్వాత ఆమె కోసం ఎవరు పిటిషన్ వేసినా మంజూరు కాదు.

ఇంకొక కాగితం ఉంది, ఐ-864. మన ఇళ్ళల్లో దాని గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. భార్యను పోషించగలనని, ఆమె ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా చూస్తానని భర్త సంతకం చేసే హామీపత్రం అది. మామూలుగా అతని ఆదాయం ఆ దేశపు పేదరిక ప్రమాణానికి 125 శాతమైనా ఉండాలి. చాలకపోతే ఇంకొకరు తోడు సంతకం చేయాలి. ఈ హామీ ఎప్పటిదాకా? ఆమె పౌరసత్వం తీసుకునేదాకా, లేదా ఉద్యోగ లెక్కలో 40 త్రైమాసికాలు, అంటే దాదాపు పదేళ్ళ పని జమపడేదాకా, లేదా ఆ దేశం శాశ్వతంగా వదిలేదాకా, లేదా ఇద్దరిలో ఒకరు చనిపోయేదాకా. ఈ జాబితాలో విడాకులు లేవు. విడిపోయినా ఆ హామీ అతన్ని వదలదు, దాన్ని అమలుచేయమని ఆమె కోర్టుకు వెళ్ళవచ్చు. దాని నకలు కూడా అమ్మాయి దగ్గర ఉండాలని ఎందుకంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

వీసా స్టాంపు పడి విమానం దిగాక పరిస్థితి హెచ్-4కు పూర్తిగా భిన్నం. దిగిన రోజునుంచే ఆమె శాశ్వత నివాసి. పాస్‌పోర్టులో ఆ వీసా మీద పడే ముద్రే ఏడాదిపాటు గ్రీన్‌కార్డుతో సమానం. మర్నాడే ఉద్యోగంలో చేరినా అడ్డులేదు. కాగితం మీద అంతా బాగుంది. ఇల్లు వేరే సంగతి.

హెచ్-వన్ దంపతులిద్దరూ ఆ దేశానికి కొత్తే. చలికోటు ఎక్కడ కొనాలో ఇద్దరూ కలిసి వెతుక్కుంటారు. దారి తప్పితే ఇద్దరూ తప్పుతారు. అక్కడే పుట్టిన అబ్బాయి సంగతి అలా కాదు. అది అతని ఊరు. అతనికి బడి స్నేహితులున్నారు, చిన్నప్పటినుంచీ చూసిన డాక్టరున్నాడు, బ్యాంకులో పరపతి ఉంది. ఏ మాటకు ఎవరు నవ్వుతారో అతనికి తెలుసు. ఆమెకు ఏం తెలియదో కూడా అతనికి తెలియదు, ఎందుకంటే అతను ఏనాడూ కొత్తవాడు కాలేదు. మంచి మనసున్న భర్తలు కూడా ఇక్కడే పొరబడతారు. అన్ని పనులూ తామే చేసిపెట్టడం ప్రేమనుకుంటారు. ఆరు నెలలకల్లా, ఇక్కడ స్కూటీ మీద ఊరంతా తిరిగిన పిల్ల అక్కడ పాలప్యాకెట్టుకు కూడా ఇంకొకరి కోసం ఎదురుచూసే మనిషి అయిపోతుంది.

మా మేనకోడలు న్యూజెర్సీ కోడలు. వెళ్ళిన కొత్తలో ఫోన్‌లో అంది: "అందరూ నన్ను బాగానే చూసుకుంటున్నారు అత్తా. కానీ ఇక్కడ నాకంటూ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ ఆయన మనుషులే." ఆ మాట ముందు విన్నది వాళ్ళత్తగారే. ఆవిడ డెబ్భైల్లో డాక్టరు భర్త వెంట అమెరికా వెళ్ళిన గుంటూరు మనిషి. కొడుకుకు అప్పజెప్పకుండా కోడలికి తనే కారు నేర్పారు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర జనం లేని వేళ చూసి మొదలుపెట్టి, లైసెన్సు వచ్చేదాకా వదల్లేదు. బ్యాంకులో కోడలి పేరున విడి ఖాతా తెరిపించారు. ఊరి పబ్లిక్ లైబ్రరీలో కార్డు తీయించి, అక్కడ జరిగే ఇంగ్లీషు సంభాషణ తరగతికి పంపారు. మా పిల్లకు ఇంగ్లీషు రాక కాదు, మనుషులు దొరుకుతారని. దొరికారు కూడా. ఆమె స్నేహితుల్లో ఒక పోలండ్ ఆవిడ, ఒక పెరూ ఆవిడ ఉన్నారు. ఇద్దరూ భర్తల దేశానికి వచ్చినవాళ్ళే. ఆ అత్తగారంటే నాకెంతో గౌరవం.

చదువు సంగతి తల్లిదండ్రులు ముందే వాకబు చేయాలి. బీటెక్ పిల్లలకు పెద్ద ఇబ్బంది ఉండదు. ఎంబీబీఎస్ చేసినవాళ్ళు యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు రాసి, రెసిడెన్సీలో సీటు తెచ్చుకోవాలి. బీడీఎస్ వాళ్ళకు చాలా రాష్ట్రాల్లో మళ్ళీ రెండు మూడేళ్ళ దంతవైద్య కాలేజీ చదువు తప్పదు. నర్సులకు ఎన్‌సీఎల్ఈఎక్స్ అనే పరీక్ష ఉంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఫార్మసీ పిల్లల సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వీధికో ఫార్మసీ కాలేజీ లేచిన రోజుల్లో వేలమంది అమ్మాయిలు నాలుగేళ్ళ బీఫార్మసీ చదివారు. అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సుకు విదేశీ పట్టభద్రులు రాయాల్సిన పరీక్షకు, 2003 తర్వాత పట్టా పొందినవాళ్ళయితే, ఐదేళ్ళ చదువు ఉండాలి. కాబట్టి బీఫార్మసీతో ఆ పరీక్షకే కూచోలేరు. ఇది తెలియక "అక్కడికెళ్ళి మెడికల్ షాపులో చేరతావులే" అని పంపించినవాళ్ళున్నారు. వీసా కోసం ఎదురుచూసే ఏడాదిలో జేఎన్‌టీయూనుంచో ఉస్మానియానుంచో సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్టులు తెచ్చుకోవడం, వెళ్ళబోయే రాష్ట్రపు లైసెన్సు నిబంధనలు చదువుకోవడం చేస్తే ఆ కాలం వృథా పోదు.

పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే అమెరికాలో అడుగుపెడితే ఇచ్చేది రెండేళ్ళ షరతుల కార్డు. వీసాల కోసం బూటకపు పెళ్ళిళ్ళు జరుగుతున్నాయని 1986లో తెచ్చిన చట్టం ఇది. ఆ కార్డు గడువు తీరేముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 వేసి షరతులు తొలగింపజేసుకోవాలి. ఇద్దరూ సంతకం చేయాలి. ఈ ఒక్క సంతకాన్ని అడ్డం పెట్టుకుని "నోరెత్తితే ఇండియా పంపించేస్తా" అని భార్యను బెదిరించే మగవాళ్ళున్నారు. ఆ బెదిరింపు ఫోన్‌లో చెప్పుకుని ఏడ్చే కూతురికి "సర్దుకుపో అమ్మా, కార్డు వచ్చేదాకా ఓర్చుకో" అని మనం చెబుతున్నాం. చట్టం అలా చెప్పడం లేదు. పెళ్ళి నిజాయితీగా చేసుకుని విడాకులైపోయినా, భర్త హింస పెట్టినా, అతని సంతకం లేకుండానే ఆమె ఒక్కతే ఐ-751 వేసుకునే వీలుంది. హింసకు గురైన భార్య, భర్తకు తెలియకుండానే తన పిటిషన్ తానే వేసుకునే హక్కు 1994 చట్టంతో వచ్చింది. వీసా ఇచ్చేముందు ఈ హక్కులు రాసిన ఒక కరపత్రాన్ని అమ్మాయికి అందజేయాలన్న నిబంధన కూడా ఉంది. ఆ కాగితాన్ని చదవండి, ఇంట్లో అందరూ చదవండి. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి అనే సంస్థ దక్షిణాసియా స్త్రీల కోసమే పనిచేస్తోంది. ప్రవాస పెళ్ళిళ్ళలో చిక్కుపడ్డవాళ్ళ కోసం మన జాతీయ మహిళా కమిషన్‌లో 2009నుంచి ప్రత్యేక విభాగం ఉంది.

ఇక్కడ పెళ్ళి, అక్కడ విడాకులు అయితే ఏమిటన్న ప్రశ్నను మన తిరుపతి పెళ్ళి ఒకటి సుప్రీంకోర్టుదాకా తీసుకెళ్ళింది. 1975లో హిందూ పద్ధతిలో జరిగిన పెళ్ళి అది. భర్త మిస్సోరీ రాష్ట్రపు కోర్టులో విడాకులు తెచ్చుకుని ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరికీ వర్తించే హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, ఇక్కడి భార్య ఒప్పుకోని కోర్టు ఇచ్చిన ఆ తీర్పు మన దేశంలో చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికా నుంచి ఏదైనా కోర్టు కాగితం ఇంటికొస్తే బెదిరిపోయి సంతకం పెట్టకుండా, దాన్ని పక్కన పడేయకుండా, వెంటనే లాయరుకు చూపించాలని నేనందుకే అంటాను.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనకెంతో ఇష్టమైన ఆచారం. గ్రీన్‌కార్డున్న అమ్మాయి ఆరు నెలలు దాటి బయట ఉంటే తిరిగి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు ఎదురవుతాయి. ముందస్తు అనుమతి పత్రం లేకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు. అందుకే ఇప్పుడు కూతురు రావడం బదులు తల్లి సున్నిపిండి, కాయంపొడి మూటగట్టుకుని టూరిస్టు వీసా మీద వెళ్తోంది. ఆచారం మారిందని బాధపడేవాళ్ళతో నేను ఏకీభవించను. అమ్మే వెళ్తోంది కదా.

అమ్మాయి అమెరికా పౌరురాలైతే ఇక్కడి అబ్బాయే వెళ్తాడు. కాగితాలన్నీ అవే. హైదరాబాద్‌లో పదిమందికి పని చెప్పిన మనిషి అక్కడ భార్య కారులో పక్కసీట్లో కూచోవాలి, ఉద్యోగం దొరికేదాకా ఇల్లు చూసుకోవాలి. ఇల్లరికం పేరుతో మనం ఇన్నాళ్ళూ తేలిక చేసిన మగవాళ్ళ కష్టమే ఇది. అలా వెళ్ళిన అబ్బాయిని బంధువులు ఎగతాళి చేయడం ఇకనైనా మానాలి. కోడళ్ళందరూ తరతరాలుగా చేస్తున్న పని అతను చేస్తున్నాడు.

చివరిగా పౌరసత్వం. పౌరుడైన భర్తతో కలిసి కాపురం చేస్తుంటే మూడేళ్ళకు, లేకపోతే ఐదేళ్ళకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐ-130 భర్తది, ఐ-864 భర్తది, ఐ-751 ఇద్దరిదీ. పౌరసత్వపు దరఖాస్తు మాత్రం ఆమె ఒక్కతిదే. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి భారత పాస్‌పోర్టు వదులుకోవాలి, కావాలంటే భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. వదులుకోవాలా వద్దా అన్నది తొందరపడి తేల్చాల్సిన విషయం కాదు. గ్రీన్‌కార్డు మీదే జీవితమంతా ఉన్నవాళ్ళూ ఉన్నారు. పౌరసత్వం తీసుకుంటే తన తల్లిదండ్రుల కోసం ఐ-130 వేసే అధికారం ఆమెకు వస్తుంది. వాళ్ళకూ సంఖ్యా పరిమితి లేదు. అయితే తెనాలిలో పొద్దున్నే రైతుబజారుకు నడిచివెళ్ళి నలుగురితో మాట్లాడి వచ్చే నాన్నను, నడిచి వెళ్ళడానికి ఏమీ లేని వీధిలోకి తీసుకెళ్తున్నామని పిల్లలకు తెలియాలి. ఆ ఫారం నింపేముందు ఒకసారి ఫోన్ చేసి, రావాలని ఉందా అని వాళ్ళనే అడగండి. అమ్మను విడిగా, నాన్నను విడిగా అడగండి.